విశాఖలో చూడదగ్గవన్నీ రిటైరైనవే

విశాఖపట్నానికి పెన్షనర్ల స్వర్గమని పేరు. ఆ మాట అన్నవాళ్ళు మనుషుల్ని దృష్టిలో పెట్టుకుని అని ఉంటారు. కానీ నిశితంగా పరిశీలిస్తే ఈ ఊరి పర్యాటకం మొత్తం ఆ సూత్రం మీదే నడుస్తోంది. ఇక్కడ ఏదైనా చూడదగ్గది అనిపించుకోవాలంటే ముందు పని మానెయ్యాలి. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ దాని మొహం ఎవరూ చూడరు. రిటైరై బీచ్ రోడ్డులో సముద్రం కనిపించే స్థలం సంపాదించుకుంటే టికెట్టు కొని మరీ చూస్తారు. ఇంత ముఖ్యమైన విషయాన్ని ఎవరూ పరిశోధనకి తీసుకోకపోవడం విచారకరం. 1926లో పుట్టిన విశ్వవిద్యాలయం ఒకటి ఊళ్ళో ఉంది కూడా.

ఐఎన్ఎస్ కురుసుర సంగతే చూడండి. సోవియట్ యూనియన్‌లో పుట్టిన జలాంతర్గామి. 1969 డిసెంబరులో ఉద్యోగంలో చేరింది, 2001 ఫిబ్రవరి 27న రిటైరైంది. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. ఆ సర్వీసంతా ఎవరికీ కనబడకుండా ఉన్నందుకే జీతం తీసుకుంది. ఇప్పుడు అందరికీ కనబడుతున్నందుకు తీసుకుంటోంది. ఫైలు కదిలి, ఒడ్డుకి లాక్కొచ్చి, మ్యూజియంగా తెరిచేసరికి 2002 ఆగస్టు అయింది. అంటే పెన్షన్ మంజూరుకి ఏడాదిన్నర. మన మాస్టార్లకి పట్టే సమయంతో పోలిస్తే ఇది మెరుపు వేగం. లోపల తిప్పి చూపించేది కూడా నౌకాదళంలో రిటైరైనవాళ్ళే. కాబట్టి అక్కడ సాధారణంగా జరిగేది ఏమిటంటే, రిటైరైన జలాంతర్గామిని రిటైరైన నావికుడు రిటైరైన హెడ్మాస్టరుగారికి చూపిస్తాడు. గుండ్రటి తలుపుల్లోంచి నడుం వంచి దూరేటప్పుడు ముగ్గురికీ మోకాళ్ళు నొప్పెడతాయి, ఇనుము మాత్రం బయటికి చెప్పుకోదు. సోమవారం సెలవు. రిటైరయ్యాక కూడా వారపు సెలవు వదులుకోని ఉద్యోగి ఇంకెక్కడా కనబడదు.

దీన్ని చూసి రోడ్డుకి అవతల టీయూ-142 విమానం ధైర్యం తెచ్చుకుంది. 1988లో చేరి 2017 మార్చిలో దిగిపోయింది, అదే ఏడాది డిసెంబరుకల్లా క్వార్టర్స్ దొరికాయి. సీనియర్‌కి ఏడాదిన్నర పట్టిన చోట దీనికి తొమ్మిది నెలలే. సీనియారిటీ జాబితా తేడా జరిగిందని కురుసుర ఇంతవరకు కోర్టుకి వెళ్ళలేదు. పెద్దమనసు.

ఇక పనిచేస్తున్నవాటి గతి చూడండి. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద దీపస్తంభం రాత్రంతా డ్యూటీ చేస్తుంది, దాని ముందు నిలబడి ఫొటో దిగడానికి ఎవరూ సెలవు పెట్టి రారు. పోర్టు 1933 నుంచి ఓడల్ని దింపుతోంది, ఎక్కిస్తోంది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కిటికీల మీద నల్లపొడి తుడుచుకునేటప్పుడు తప్ప దాన్ని తలుచుకోరు. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి ఓడ జలఉషని నెహ్రూ 1948 మార్చి 14న నీళ్ళలోకి దించింది ఈ ఊళ్ళోనే. షిప్‌యార్డ్ ఇప్పటికీ పని మానలేదు, అదే దాని ఖర్మ. వన్‌టౌన్‌లో చర్చి కొండ, దర్గా కొండ, గుడి కొండ మూడూ పక్కపక్కనే ఉన్నాయి. మూడింట్లోనూ రోజూ ప్రార్థనలు జరుగుతున్నాయి కాబట్టి అవి పర్యాటక స్థలాలు కావు, ట్రాఫిక్ సమస్య. నన్నడిగితే ఈ ఊళ్ళో మొదట చూడాల్సింది తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్. బోట్లు తిరిగొచ్చాక తట్టల్లో వంజరం, చందువా పోసి వేలం పాడుతుంటే ఆ గొంతులు విని తీరాలి. కానీ అక్కడ అందరూ పనిలో ఉంటారు. బంధువుల్ని తీసుకెళ్తే బాగోదు.

సింహాద్రి అప్పన్నని ఈ లెక్కలోకి లాగే సాహసం చెయ్యను. ఏడాదంతా చందనంలో ఉండి అక్షయ తృతీయ ఒక్కనాడే నిజరూపం చూపించే స్వామి హాజరుపట్టీ అడిగే అధికారం ఏ కాలమిస్టుకీ లేదు.

రామకృష్ణా బీచ్‌లో ఇసుకది మళ్ళీ వేరే కేడర్. రెగ్యులర్ కాదు, కాంట్రాక్టు. ఈ తీరంలో కెరటాలు ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకెళ్తాయి. పోర్టుకి రక్షణగా సముద్రంలోకి కట్టిన రాతి గోడలు అడ్డొచ్చాక ఆ ఇసుక అవతలే నిలిచిపోయి, ఇవతల బీచ్ కోసుకుపోతోంది. అందుకని డ్రెడ్జర్ అవతలి ఇసుకని తవ్వి తెచ్చి బీచ్ దగ్గర పోస్తుంది. సముద్రం దాన్ని మళ్ళీ పట్టుకుపోతుంది. మళ్ళీ రెన్యువల్. మీరు మురీ మిక్స్చర్ పొట్లం పట్టుకుని కూర్చున్న ఇసుక రేపటికి ఉద్యోగంలో ఉంటుందో లేదో దానికే తెలీదు.

ఇదే బీచ్‌లో తేలే వంతెన ఒకటి 2024 ఫిబ్రవరి 25న విధుల్లో చేరింది. మర్నాడే చివరి ముక్క విడిపోయి అలల మీద ఊగింది. పరీక్ష కోసం మేమే విడదీశామని అధికారుల వివరణ. ప్రొబేషన్ రెండో రోజున సీటు వదిలి వెళ్ళిపోయినవాడికి ఆఫీసు ఇంత గట్టిగా అండగా నిలబడటం ఉద్యోగ సంఘాల చరిత్రలోనే లేదు. 2020 అక్టోబరులో వాయుగుండం దెబ్బకి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కిన బంగ్లాదేశ్ సరుకు ఓడది డెప్యుటేషన్ కేసు. దాన్ని రెస్టారెంటు చేస్తామన్నారు. మనవాళ్ళు టిఫిన్ల దాకా ఆగుతారా, ముందే సెల్ఫీలు కానిచ్చేశారు.

రిటైర్మెంటే అర్హత అయితే మరీ సీనియర్లకి అన్యాయం ఎందుకు జరిగిందని మీరు అడగొచ్చు. రెండు వేల ఏళ్ళ కిందటే బౌద్ధ భిక్షువులు ఇక్కడ సీ వ్యూ స్థలాలు చూసుకున్నారు. తొట్లకొండ మీద నిలబడితే వాళ్ళ ఎంపిక ఎంత గొప్పదో తెలుస్తుంది. 1976లో నౌకాదళం స్థావరం కోసం సర్వే చేస్తుంటే ఆ ఆరామం బయటపడింది. భిక్షువుకీ నావికుడికీ నచ్చింది ఒకే కొండ. 1988 నుంచి 1993 దాకా తవ్వారు, శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ నాణేలూ దొరికాయి. కానీ వేసవిలో విజయవాడ నుంచి దిగిన బావమరిదికి ఇదంతా చెప్పి చూడండి.

"తొట్లకొండ మీద ఏముంది బావగారూ?"

"రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లు, స్తూపం, భిక్షువుల గదుల పునాదులు."

"పునాదులా? పునాదుల దాకా వచ్చి ఆగిపోయిన వెంచర్లు మా వైపు బోలెడున్నాయి. సబ్‌మెరైన్‌కే పోదాం పదండి."

2019 వానలకి అక్కడి మహాస్తూపం కూలిపోతే ఆ పునాదుల సంగతి నాలుగు రోజులు పేపర్లో వచ్చింది. మెడికల్ రీయింబర్స్‌మెంట్ కోసం తిరిగే పెన్షనర్‌కి కూడా ఆ మాత్రం ప్రచారం దక్కదు. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండది ఇంకా దారుణం. కనుమ నాడు ఆ బౌద్ధ క్షేత్రంలో బొజ్జ ఉన్న విగ్రహాన్ని రాక్షసుడనుకుని రాళ్ళు రువ్వే ఆచారం చాలాకాలం నడిచింది. పెన్షన్ ఇవ్వకపోతే పోయారు, రాళ్ళేమిటండీ?

భీమిలిలో డచ్చివాళ్ళు అన్నిటికంటే తెలివైనవాళ్ళు. పదిహేడో శతాబ్దంలో వచ్చి వ్యాపారం చేసుకుని, 1825లో ఇంగ్లీషువాళ్ళకి ఛార్జి అప్పజెప్పి, కొందరు శాశ్వతంగా అక్కడే పడుకున్నారు. వాళ్ళ సమాధుల మీద రాతలు ఇప్పటికీ చదవొచ్చు. దారిలో ఎర్రమట్టి దిబ్బలు తగులుతాయి. గాలీ వానా సముద్రమూ కలిసి వేల ఏళ్ళు పట్టి చెక్కినవి. భూవారసత్వ గుర్తింపు ఉంది, సినిమా డ్యూయెట్లలో లెక్కలేనంత అనుభవం ఉంది. అయినా పక్కన ప్లాట్లు వేసేవాళ్ళు వాటి చేత వీఆర్ఎస్ ఇప్పించాలనే చూస్తుంటారు.

అరకు, బొర్రా గుహలు మాత్రం 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాకి బదిలీ అయ్యాయి. ఆర్డర్లు అందాయి, రిలీవ్ అయ్యాయి. ఊళ్ళో ట్రావెల్స్ బోర్డుల మీద నుంచి మాత్రం ఇంకా రిలీవ్ చెయ్యలేదు.

మిగిలింది రుషికొండ. ఉన్న రిసార్టుని పడగొట్టి, కొండని చెక్కి, వందల కోట్లతో భవనాలు కట్టారు. 2024 జూన్‌లో తలుపులు తెరిస్తే జనం లోపలి స్నానాల తొట్టెని చూసి నివ్వెరపోయారు. దీన్నేం చెయ్యాలన్న చర్చ అప్పుడే మొదలైంది. మిగతావన్నీ సర్వీసు చేసి క్వార్టర్స్ సంపాదించుకుంటే ఇక్కడ క్వార్టర్సే ముందు వచ్చాయి, పోస్టు మంజూరు కాలేదు. కింద బీచ్‌కి 2020లోనే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆదివారం సాయంత్రం వెళ్ళేట్టయితే పార్కింగ్ సంగతి ముందే చూసుకోండి.