మాడ్ కలెక్షన్ అంటే పచారీ చీటీ కాదు

వేసవి సెలవులకు ఒంగోలు నుంచి నెల్లూరులోని మా ఇంటికి వచ్చిన మేనల్లుడు బట్టల సంచీతో పాటు తన సీపీయూను కూడా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాడు. ఓ పాత రోల్ ప్లేయింగ్ గేమ్‌కు నాలుగు వందల పైచిలుకు మాడ్లున్న కలెక్షన్‌ను ఎక్కించిపెట్టమని వాడి కోరిక. మాడ్ అంటే గేమ్‌ను మార్చడానికి అభిమానులు తయారుచేసే ఫైళ్లు; అలాంటివాటిని ఎవరో ఏరి ఒక జాబితాగా కూర్చితే అది కలెక్షన్. ఏళ్ల తరబడి మాడ్లతో కుస్తీ పడుతున్నవాణ్ణి కాబట్టి, ఒక పూటలో అయిపోతుందని ధీమాగా మాటిచ్చాను. రెండున్నర రోజులు పట్టింది.

మాడ్లు దించుకునే సైట్లో డబ్బు కట్టని సభ్యులకు ప్రతి మాడ్‌కూ ఒక పేజీ తెరుచుకుంటుంది. బటన్ నొక్కాలి, కాసేపు ఆగాలి, ఫైలు దిగడం మొదలయ్యాక తర్వాతి పేజీకి పోవాలి. ఇలా నాలుగు వందల సార్లు. ఉచితంగా ఇస్తున్నారు కాబట్టి వేగం తగ్గించుకుంటే నాకు అభ్యంతరం లేదు; రాత్రంతా నెమ్మదిగా దిగినా పొద్దునకు పని అయిపోతుంది. కానీ వేగం తగ్గించడం వేరు, మనిషిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి బటన్ నొక్కించడం వేరు. మొదటిది సర్వర్ ఖర్చు, రెండోది విసిగించి చందా కట్టించే ఎత్తు. ఆ ఎండల్లో కరెంటు రెండుసార్లు పోయింది. తిరిగి వచ్చాక ఏ ఫైలు పూర్తిగా దిగిందో, ఏది సగంలో ఆగిందో మేనేజర్, అంటే మాడ్లను దించి గేమ్‌కు ఎక్కించే ప్రోగ్రాం, చెప్పలేకపోయింది.

అంతా అయ్యాక గేమ్ తెరిస్తే లోగో కనబడింది, తెర నల్లబడింది, డెస్క్‌టాప్ వచ్చేసింది. "ఏంది మామా, మళ్ళా బయటికొచ్చేసింది" అన్నాడు మావాడు. నాలుగోసారి ఆ మాట విన్నాక కలెక్షన్ వివరణను అడుగు దాకా చదివాను. అది గేమ్ పాత వెర్షన్‌కు తయారుచేసినదట. మా దగ్గరున్న గేమేమో అప్పటికే అప్‌డేట్ అయింది. నన్ను మండించింది ఆ తేడా కాదు. గేమ్ ఏ వెర్షన్‌లో ఉందో మేనేజర్‌కు తెలుసు, కలెక్షన్ ఏ వెర్షన్‌కు చేశారో కూడా దానిలోనే రాసి ఉంది. ఆ రెండు అంకెలను మొదటి ఫైలు దించకముందే పక్కపక్కన పెట్టి చూసే పని మాత్రం ఎవరూ చేయలేదు.

ఇది మా ఒక్క ఇంటి గోల కాదు. ఫాల్‌అవుట్ 4 అనే గేమ్‌కు 2024 ఏప్రిల్ 25న అప్‌డేట్ వస్తోందని తెలిశాక, అదే వారంలో రావలసిన ఫాల్‌అవుట్ లండన్ అనే భారీ మాడ్‌ను దాని బృందం వాయిదా వేసుకుని జూలై 25న విడుదల చేసింది. గేమ్‌లో లేని పనులను మాడ్లు చేసేలా వీలు కల్పించే స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ లాంటి ఉపకరణాలు గేమ్ ప్రోగ్రాం లోపల ఏ పని ఏ చోట జరుగుతుందో పట్టుకుని దాని మీద ఆధారపడతాయి. ప్రోగ్రాం మారితే ఆ చోట్లు జరిగిపోతాయి, వాటిని నమ్ముకున్న మాడ్లన్నీ ఒక్కసారిగా కూలబడతాయి.

చేపల పులుసుకు చింతపండు, మామిడికాయ, చేపలు అని చీటీ రాసిచ్చినంత మాత్రాన పులుసు కుదరదు. ఏది ఎప్పుడు వేయాలో తెలియాలి. మాడ్లదీ అంతే. ఒకే ఫైలును రెండు మాడ్లు మార్చినప్పుడు ఏది పైన నిలవాలన్నది వరుస మీదే ఉంటుంది. కలెక్షన్ తయారుచేసినవాళ్లు ఆ వరుసను ఎలాగూ జతచేస్తారు, సంతోషమే. కానీ ఈ మాడ్‌ను దాని కింద ఎందుకు పెట్టారో ఒక్క వాక్యం రాయించే పెట్టె కూడా తప్పనిసరి చేస్తే, ఒకదాన్ని తీసేయాలనుకున్నవాడికి ఏం చెడుతుందో తెలుస్తుంది.

చేయలేనిదేమీ కాదిది. మైన్‌క్రాఫ్ట్ గేమ్ మాడ్‌ప్యాక్‌ల కోసం మోడ్రింత్ అనే సైటు వాడే ఎంఆర్‌ప్యాక్ ఫైలులో ప్రతి ఫైలు ఎక్కడికి చేరాలో, ఎంత పరిమాణమో, సరిచూసుకోవడానికి దాని హాష్ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి గుర్తు) ఏమిటో ముందే రాసి ఉంటుంది. మాడ్ల జాబితాలను తనంతట తానే ఎక్కించే వాబాజాక్ అనే ప్రోగ్రాం కూడా దించిన ప్రతి ఫైలునూ హాష్‌తో పోల్చి చూస్తుంది. మాడ్ ఆర్గనైజర్ 2 అనే మేనేజర్ అయితే గేమ్ ఫోల్డర్‌ను అసలు ముట్టుకోకుండా, మాడ్లు అక్కడే ఉన్నట్టు గేమ్‌ను నమ్మిస్తుంది. కాబట్టి వద్దనుకుంటే వెనక్కి రావడం తేలిక. మంచి గుణాలన్నీ తలా ఒక చోట ఉన్నాయి, ఒక్క చోట లేవు.

చిక్కుముడి ఒకటుంది, అది మాడ్ రచయితల హక్కు. కలెక్షన్లు విరిగిపోకుండా ఇకమీదట ఫైళ్లను పూర్తిగా తొలగించనివ్వబోమని, ఆర్కైవ్‌లోనే ఉంచుతామని నెక్సస్ మాడ్స్ అనే పెద్ద మాడ్ల సైటు 2021 జూలైలో ప్రకటించినప్పుడు చాలామంది రచయితలు మండిపడ్డారు, కొందరు తమ పనిని తీసేసుకుని వెళ్లిపోయారు. నేను రచయితల పక్షమే. తన సొంత పనిని వెనక్కి తీసుకోలేనివాడు దాని యజమాని ఎలా అవుతాడు? ఏదైనా మాడ్ మాయమైతే దాని మీద ఆధారపడినవి ఏవో చూపించి, అది లేకుండా మిగతావి నడుస్తాయో లేదో చెప్పే బాధ్యత మేనేజర్‌దే కావాలి, రచయిత చేతులు కట్టేయడం పరిష్కారం కాదు.

మావాడి సంగతి అడుగుతారేమో. కలెక్షన్ మొత్తం తుడిచేసి, వాడికి నిజంగా కావలసిన ముప్పై ఎనిమిది మాడ్లను చేత్తో ఒక్కొక్కటిగా ఎక్కించాం. వరుసను వాడు లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో సీపీయూతో పాటు ఆ పుస్తకాన్నీ ఒళ్లోనే పెట్టుకున్నాడు.