లావుపాటి నల్ల పెన్నుగారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నల్ల ఇంకు పెన్నుగారి దివ్యసముఖమునకు,

విశాఖపట్నం డాబాగార్డెన్స్ నుంచి తమరి యజమానికి బావమరిది నమస్కరించి రాయునది. ఇక్కడ ఉక్కపోత తప్ప అందరం క్షేమం. మా బావగారి బీరువాలో, పట్టుగుడ్డ సంచిలో, ఆ సంచి ఉన్న చెక్కపెట్టెలో తమరూ క్షేమమని తలుస్తాను.

ముందుగా తమరి నిరాడంబరతకు జోహార్లు. క్లిప్ లేదు, బంగారు రింగు లేదు, పువ్వూ కాయా లేదు, పేరైనా లేదు. మూత బిగిస్తే మూత ఎక్కడ ఆగిందో, ఒళ్లు ఎక్కడ మొదలైందో వెతుక్కోవాలి. 2002 నుంచి ఆర్కే బీచ్ ఒడ్డున మ్యూజియంగా ఉంటున్న కురుసుర జలాంతర్గామిని అరచేతిలో పట్టేలా చేస్తే తమరే. కురుసురను చూడాలంటే టికెట్ కొంటే చాలు. తమర్ని చూడటానికి బావగారు వాయిదాలు కడుతున్నారు.

ఇన్ని తీసేశాక ధర తగ్గాలి కదా అని మా అమ్మ అడిగింది. తీసేసినందుకే పెరిగిందని బావగారు చెప్పారు. సరే, క్లిప్ తీసేశారు. దాంతో తమరు బల్ల మీద ఒక్కచోట నిలవరు, దొర్లిపోతారు. దానికీ ఉపాయం ఉంది. జపాన్‌లో నకాయా అనే పెన్నులవాళ్లు క్లిప్ లేని పెన్ను దొర్లకుండా పక్కన అతికే చిన్న వెండి బొమ్మలు అమ్ముతారు. విడిగా, వేరే ధరకు. ఈ వ్యాపారం కనిపెట్టిన బుర్రకు నేను పాదాభివందనం చేస్తాను.

ఇక తమరి నిగనిగ. ఉరుషి అనే చెట్టు పాలతో వేసిన పూత అది. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు గొట్టం మీద పూయడం, గట్టిపడనివ్వడం, నునుపు పట్టడం, మళ్లీ పూయడం. నెలల తరబడి ఇదే పని. తమాషా ఏమిటంటే ఆ పూత ఎండకు ఆరదు. గాలిలో తేమ ఉంటేనే గట్టిపడుతుంది. అందుకని జపాన్ పనివాళ్లు తేమ నింపిన చెక్క బీరువాలు పెట్టుకుంటారు. అయ్యా, మా ఊరు మొత్తం ఆ బీరువాయే! శ్రావణమాసంలో మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా ఏ బాల్కనీలో చూసినా నిన్న ఉతికిన బనీన్లు ఇంకా ఆ దశలోనే ఉంటాయి. ఈ సౌకర్యానికి మేం ఇంతవరకు ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు.

ఆ ఉరుషి చెట్టు మామిడికీ జీడిమామిడికీ చుట్టం. పచ్చి పూత తగిలితే ఒళ్లు దద్దుర్లెక్కుతుంది, మామిడి సొన అంటితే మూతి పొక్కినట్టే. లాండ్రీవాళ్లు బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి వాడిన నల్లజీడి కూడా ఆ కుటుంబానిదే. కాబట్టి తమరు మాకు పూర్తిగా పరాయివారేం కాదు. ఆవకాయ పెట్టే ప్రతి ఇంట్లోనూ తమరి మేనత్తలున్నారు.

ఇంకా దగ్గరి బంధువులు రాజమండ్రిలో ఉన్నారు. 1932 నుంచి రత్నం పెన్నులు అక్కడే చేస్తున్నారు. అదే ఎబొనైట్ కడ్డీ, లేతు మీద తరిగి, చేత్తో నునుపు చేసి. కె.వి. రత్నంగారు పంపిన పెన్ను వాడి చూసి, బజార్లో దొరికే విదేశీ పెన్నులకు బదులు ఇది పనికొస్తుందన్నట్టు 1935లో గాంధీజీ జవాబు రాశారు. వాటిలోనూ లావువి ఉన్నాయి, నల్లవి ఉన్నాయి. మినిమలిజం, అంటే ఎంత తక్కువుంటే అంత గొప్ప అన్న మాట ఎవరూ ఎత్తలేదు. గట్టి పెన్ను అన్నారు, జేబులో పెట్టుకున్నారు, ఇంకు కక్కితే తిట్టుకున్నారు, అయినా మళ్లీ ఫిల్లరుతో నింపుకున్నారు. జేబులో ఉండటమే వాటి కొంప ముంచిందని నా అనుమానం.

మాంట్‌బ్లాంక్ అనే విదేశీ కంపెనీవారి 149 పెన్ను పద్ధతి వేరు. 1952లో వచ్చిన మోడల్. అదీ నల్లగా లావుగానే ఉంటుంది గాని, మూత నెత్తిన తెల్ల నక్షత్రం, పాళీ మీద 4810 అని ఆ పేరున్న కొండ ఎత్తు మీటర్లలో ఉంటాయి. పెళ్లి రిసెప్షన్‌లో పక్కవాడు ఇట్టే పోల్చుకుంటాడు. తమర్ని మాత్రం వెయ్యిమంది పోల్చుకోకూడదు, ఒక్కడు పోల్చుకోవాలి. ఆ ఒక్కడి కోసం బావగారు సిరిపురం కాఫీ షాపులో తమర్ని బల్ల మీద పడుకోబెట్టి ఆదివారాలు గడిపేస్తున్నారు. ఇప్పటిదాకా పలకరించింది సర్వర్ కుర్రాడే.

“ఏటి సార్ ఇది, టార్చిలైటా?”

పాపం, వాడికి కాఫీ చల్లారేదాకా ఉరుషి గురించి పాఠం పడింది.

అన్నీ వెక్కిరింపులే అనుకోకండి. ఒకసారి తమర్ని పట్టుకున్నాను. ఎబొనైట్ కదా, చేతిలో చల్లగా ఉండదు, రెండు నిమిషాల్లో ఒంటి వేడికి వచ్చేస్తుంది. అంత లావున్నా బరువు లేరు. వేళ్లు బిగబట్టనక్కర్లేదు. 18 క్యారెట్ల పాళీ కాగితాన్ని తాకీ తాకకుండా జారిపోతుంటే, వాయిదాల సంగతి కాసేపు నేనూ మరిచిపోయాను. బావగారు చూస్తున్నారని పైకి ఏమీ అనలేదు.

కాని ఏం రాయాలి? పైన శ్రీరామ, కింద నా పేరు, పక్కన ఒక సంతకం, మళ్లీ నా పేరు. కొత్త పెన్ను పట్టిన ఏ తెలుగువాడైనా అక్కడితో ఆగిపోతాడు. పైగా తమరిది లావు పాళీ. “లక్ష్మి” అని రాస్తే ఒత్తులన్నీ కలిసిపోయి కాగితం మీద బొగ్గుముక్క పెట్టినట్టయింది. బావగారి నోటుపుస్తకం తిరగేస్తే అందులోనూ అన్ని పేజీల్లో ఆయన పేరే ఉంది. చివరి పేజీలో మాత్రం, “పెరుగు, కరివేపాకు, గ్యాస్ బుక్ చేయాలి.”

మొన్న బ్యాంకులో కేవైసీ ఫారం ఇచ్చారు. గళ్లు చూస్తే చీమ కూడా పక్కకు తిరిగి నడవాలి, కాగితం చూస్తే వెనక అక్షరాలు ముందుకు కనిపిస్తున్నాయి. తమర్ని బయటికి తీస్తే ఇంకు నాలుగో కాగితం దాకా దిగుతుంది. పక్కన నిలబడ్డ పెద్దాయన “బాబూ, ఒకసారి పెన్ను ఇస్తావా” అంటాడేమోనన్న టెన్షన్ ఒకటి. బావగారు చొక్కా మీదుగా తమర్ని ఒకసారి తడుముకుని, కౌంటర్‌కు దారంతో కట్టేసిన బాల్ పెన్ను అందుకున్నారు. అది మొదట రాయలేదు. అరచేతి మీద రెండు గీతలు గీస్తే దారికొచ్చింది.

తమరికి ఒక కబురు చెప్పడం ధర్మం. బావగారు ఇంకొకరిని తెచ్చే ఆలోచనలో ఉన్నారు. ఎర్రగా, తమరికన్నా లావుగా ఉంటారట. బీరువాలో తమరు ఒంటరిగా ఉన్నారని ఆయన బాధ. వాయిదాకు హామీ సంతకం నన్ను పెట్టమంటున్నారు, అదీ తమరితోనే.

ఇట్లు,
సంతకం దగ్గర ఆగిన,
తమరి యజమాని బావమరిది