అమెరికా కోర్టులో రుజువైందట!

"రాక్ బ్యాండ్ల డాక్యుమెంటరీలు చూస్తున్నారా? ముందు ఈ 7 నిజాలు తెలుసుకోండి" అని మొదలై, "మీ పిల్లల కోసం కనీసం పది మందికి పంపండి" అని ముగిసే మెసేజ్ ఒకటి నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది. కాలనీ గ్రూపులో వచ్చింది. నిన్న మా మేనమామ కూడా పంపి, "నువ్వు ఇసొంటివి చూస్తవు గద, చదువు" అన్నాడు. చదివాను మామా. ఒక్కొక్కటీ చెప్తా.

మొదటి "నిజం": ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సౌండు పెట్టే బ్యాండు స్పైనల్ ట్యాప్, దాని డ్రమ్మర్లు ఒకరి వెనక ఒకరు అంతుపట్టకుండా చనిపోయారు, డాక్యుమెంటరీయే సాక్ష్యం. అయ్యా, అది కామెడీ సినిమా. 1984లో రాబ్ రైనర్ తీశాడు. బ్యాండు కల్పితం, డ్రమ్మర్ల చావులు జోకు. తర్వాత.

రెండోది: "వంద శాతం నిజాలతో తీసిన ఉత్తమ డాక్యుమెంటరీ బొహీమియన్ రాప్సొడీ. హీరో మన ముంబై కుర్రాడు." అందులో క్వీన్ బ్యాండు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీగా కనిపించేది రామీ మాలెక్ అనే నటుడు. ఆ వేషానికి ఆస్కార్ కూడా ఇచ్చారు. డాక్యుమెంటరీలో నటించినందుకు ఉత్తమ నటుడి అవార్డు ఎలా ఇస్తార్రా బాబూ? ఫ్రెడ్డీ పుట్టింది జాంజిబార్‌లో, పార్సీ కుటుంబంలో. అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. చదువుకున్నది పంచగనిలో. సినిమా ఏమో బ్యాండు విడిపోయి, 1985 జూలైలో లైవ్ ఎయిడ్ అనే విరాళాల కచేరీ కోసమే మళ్లీ కలిసినట్టు చూపించింది. నిజానికి అదే ఏడాది మే నెల దాకా వాళ్లు కలిసే టూర్లు చేస్తున్నారు. తన జబ్బు (ఎయిడ్స్) సంగతి ఫ్రెడ్డీ ఆ కచేరీకి ముందే బ్యాండుకు చెప్పినట్టు తీసిన సీను కూడా కల్పనే. అది ఆయనకు తెలిసింది తర్వాతి ఏళ్లలో. సినిమాగా బాగుంటుంది, నేనూ చప్పట్లు కొట్టాను. వంద శాతం నిజం మాత్రం కాదు.

మూడోది, జాన్ లెనన్ భార్య యోకో ఓనో ఆయన బ్యాండు బీటిల్స్‌ను విడగొట్టిందన్నది. "గెట్ బ్యాక్ చూస్తే మీకే తెలుస్తుంది" అట. రాసినవాడు దాన్ని చూడలేదని ఈ ఒక్క మాటతోనే తెలిసిపోతుంది. పీటర్ జాక్సన్ 2021లో ఇచ్చిన ఆ సిరీస్ దాదాపు ఎనిమిది గంటలు. 1969 జనవరిలో తీసిన అరవై గంటల ఫుటేజ్ నుంచి ఏరి కూర్చినది. అందులో యోకో చేసే పనేంటి? లెనన్ పక్కన కూర్చుని పేపరు చదువుకుంటుంది. బ్యాండు వదిలేసి పోతానని జనవరి 10న లేచి వెళ్లిపోయింది బ్యాండులో గిటారు వాయించే జార్జ్ హారిసన్. తన పాటలకు చోటు దొరకక ఆయనకు అప్పటికే లోపల మండుతోంది. ఆ తర్వాత డబ్బు వ్యవహారాలు ఎవరి చేతిలో పెట్టాలన్నదాని మీద నలుగురికీ కుదరలేదు. ఇంకో యాభై ఏళ్ల తర్వాత జనం "యోకో ఆంప్లిఫయర్ మీద కూర్చుంది కాబట్టి విడిపోయారు" అంటారేమో అని పాల్ మెకార్ట్నీ ఆ ఫుటేజ్‌లోనే నవ్వుతాడు. యాభై ఏళ్లు దాటాయి, మన గ్రూపుల్లో అదే అంటున్నారు. యోకో సంగతి పక్కన పెట్టి మొదటి భాగంలోని ఒక్క ముక్క చూడండి. లెనన్ ఇంకా రాలేదు. పాల్ బాస్ గిటారు మీద ఊరికే గీకుతూ ఉంటాడు. ఎదురుగా జార్జ్ ఆవలిస్తాడు. రింగో చూస్తూ కూర్చుంటాడు. మాటలు లేవు, ట్యూన్ లేదు, ఉత్త గీకుడు. రెండు మూడు నిమిషాలు గడిచేసరికి అందులోంచి 'గెట్ బ్యాక్' పాట లేచి నిలబడుతుంది. పాట పుట్టడాన్ని కెమెరా ఇంత దగ్గరగా పట్టుకున్నది నేను ఇంకెక్కడా చూడలేదు.

నాలుగోది: కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ కచేరీలో రోలింగ్ స్టోన్స్ బ్యాండు సైతాను పాట పాడుతుంటే హత్య జరిగింది, గిమ్మీ షెల్టర్ డాక్యుమెంటరీలో ఉంది. గిమ్మీ షెల్టర్‌లోనే ఉన్నది వేరే. 1969 డిసెంబరు 6న మెరెడిత్ హంటర్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడిని పొడిచినప్పుడు స్టేజీ మీద నడుస్తున్న పాట 'అండర్ మై థంబ్'. మీరు చెప్పే 'సింపతీ ఫర్ ద డెవిల్' దానికి ముందే అయిపోయింది. సైతాను దాకా ఎందుకు? కచేరీ చోటు ఆఖరి ఘడియలో మార్చారు. స్టేజీ ఎత్తు ఒక మీటరంతే. జనం మూడు లక్షల దాకా. వాళ్లను ఆపడానికి స్టేజీ ముందు నిలబెట్టింది హెల్స్ ఏంజెల్స్ అనే బైకుల ముఠాను. ఇన్ని కలిశాక వేరే దయ్యం కావాలా? సినిమాలో ఆ బ్యాండు గాయకుడు మిక్ జాగర్ ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఆ ముక్కను వెనక్కి తిప్పించి చూస్తాడు. ఏమీ మాట్లాడలేడు. మెసేజ్ రాసినవాడికి ఆ మొహం ఒకసారి చూపించాలి.

ఇక ఐదోది. మిగతా ఆరూ లేకపోయినా ఈ ఒక్కదాని కోసం నేను ఇదంతా రాసేవాణ్ని. ఉన్నదున్నట్టు: "రాక్ పాటలు రివర్స్‌లో వింటే చనిపొమ్మని ఆజ్ఞలు వినిపిస్తాయి. పిల్లలు ఆత్మహత్యలు చేసుకున్నారు. అమెరికా కోర్టులో రుజువైంది. మీ పిల్లల ఫోన్లు వెంటనే తీసుకోండి."

కోర్టులో రుజువు కాలేదు. కొట్టేశారు.

కేసు జుడాస్ ప్రీస్ట్ అనే బ్యాండు మీద. 1985 డిసెంబరులో నెవాడా రాష్ట్రంలో ఇద్దరు కుర్రాళ్లు ఆత్మహత్యకు ప్రయత్నించారు. ఒకరు అక్కడే, రెండోవాడు మూడేళ్లకు చనిపోయారు. కుటుంబాలు బ్యాండు మీద దావా వేశాయి. 1990లో రీనో పట్టణంలో విచారణ జరిగింది. ప్రధాన ఆరోపణ అసలు రివర్స్ గురించే కాదు. పాట మామూలుగా నడుస్తుండగానే అడుగున "డూ ఇట్" అన్నట్టు వినిపిస్తోందని. గాయకుడు ఊపిరి వదిలిన చప్పుడు, గిటారు శబ్దం కలిసి అలా వినబడింది తప్ప ఎవరూ కావాలని పెట్టలేదని జడ్జి తేల్చాడు. ఆ పిల్లల చావుకు పాట కారణమని కూడా నిరూపించలేకపోయారు. ఇక రివర్స్ ముచ్చట. గాయకుడు రాబ్ హాల్ఫర్డ్ తమ పాటల్నే తిరగేసి కోర్టులో వినిపించాడు. ఒకచోట "అమ్మా, నా కుర్చీ విరిగింది" అన్నట్టు వస్తుంది. మరి ఆ లెక్కన కుర్చీలు విరగ్గొట్టమని కూడా సైతాను చెప్పినట్టేనా? మా నల్లగొండ బస్టాండు మైకులో మాటలు ముందుకు విన్నా దేవరకొండ బస్సో, సాగర్ బస్సో అర్థం కాదు. మనసులో ఏ ఊరుంటే ఆ ఊరే వినిపిస్తుంది. ముందుగా "ఇక్కడ చనిపొమ్మంటాడు, వినండి" అని చెప్పి వినిపిస్తే అదే వినబడుతుంది. బ్యాండు వాళ్ల తరఫు మాట ఇంకా సూటిగా ఉంది: తమ పాట కొనేవాళ్లను చంపుకుని తమకేం లాభం? రహస్య ఆజ్ఞ పెట్టేదే ఉంటే "ఇంకో నాలుగు రికార్డులు కొను" అని పెట్టుకునేవాళ్లు.

ఈ కేసు మీదే 'డ్రీమ్ డిసీవర్స్' అని డాక్యుమెంటరీ ఉంది. చూస్తే ఆ ఇళ్లలోని తాగుడు, కొట్లాటలు, చదువు మధ్యలో ఆగిపోయిన బతుకులు కనబడతాయి. పాటను బోనులో నిలబెడితే వాటి గురించి ఎవరూ మాట్లాడాల్సిన పని ఉండదు. అసలు సౌకర్యం అదే.

మా బ్యాచ్ గ్రూపులో ఈ మెసేజ్ కింద ఒక మిత్రుడు, "మావాడి గిటారు అటక మీద పడేసినా" అని పెట్టాడు. దానికి పద్నాలుగు బొటనవేళ్లు. వాడి కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. పొద్దున ఐదింటికి లేపితే రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లే. వారానికి ఒక ర్యాంకు షీటు, దాన్ని మళ్లీ తల్లిదండ్రుల గ్రూపులో పెడతారు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత మన రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. వాళ్లు ఏ రికార్డును తిరగేసి విన్నారు? ఏ సైతాను వచ్చి చెప్పాడు? అందరం చూశాం, అందరికీ తెలుసు. వారం రోజులు టీవీల ముందు అయ్యో అన్నాం, జూన్‌లో మళ్లీ ఫీజులు కట్టాం. అరేయ్, ఆ గిటారు దించురా. వాడు రోజంతా టెన్షన్ దించుకునేది ఆ అరగంటే. పది మందికి ఏదో ఒకటి పంపకపోతే చెయ్యి ఊరుకోదనుకుంటే 14416 పంపండి. టెలీ మానస్ నంబరు అది, మనసు బాగోలేనివాళ్లు ఏ వేళలోనైనా డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడొచ్చు.

ఆరోది: ఇదంతా కోట్లున్నవాళ్ల మోజు, మన దేశానికి సంబంధం లేదు. ఇండియన్ ఓషన్ బ్యాండు మీద జైదీప్ వర్మ తీసిన డాక్యుమెంటరీ 'లీవింగ్ హోమ్' 2010లో థియేటర్లలో ఆడింది, జాతీయ అవార్డు తెచ్చుకుంది. ఐరన్ మెయిడెన్ బ్యాండు టూరు మీద తీసిన 'ఫ్లైట్ 666' 2008 ఫిబ్రవరిలో మన ముంబై కచేరీతోనే మొదలవుతుంది. వాళ్లు టూరంతా తిరిగే విమానం నడిపేది ఆ బ్యాండు గాయకుడే. కోట్ల విషయానికొస్తే అదే పేరున్న బ్యాండు మీద 2008లో వచ్చిన 'ఆన్విల్' చూడండి. ఒకప్పుడు పెద్ద బ్యాండ్లతో ఒకే స్టేజీ ఎక్కిన గాయకుడు కెనడాలో స్కూళ్లకు భోజనాలు చేరవేసే పని చేసుకుంటుంటాడు. యాభై దాటాక కూడా వచ్చే ఆల్బమ్‌తో దశ తిరుగుతుందనే నమ్మకం. ఇలాంటి బతుకు మనకు తెలియనిదా? నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర మొగిలయ్య 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆయనే కూలి పనిలో ఉన్న ఫొటో పేపర్లలో చూశాం. ఆన్విల్ చూస్తున్నంతసేపూ నాకు ఆయనే గుర్తొచ్చారు.

ఏడోది: "డాక్యుమెంటరీల్లో కత్తిరించి, అతికించి, తమకు కావలసిందే చూపిస్తారు. నమ్మకండి." ఇది కరెక్టు. వెటకారం కాదు, నిజంగానే ఒప్పుకుంటున్నా. నాకు ప్రాణమైన 'సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్' ఆ పనే చేసింది. డెట్రాయిట్‌లో పాత ఇళ్లు కూలగొట్టే పని చేసుకునే రోడ్రిగెజ్ పాటలు ఆయనకు తెలియకుండానే దక్షిణాఫ్రికాలో ఇంటింటా మోగాయన్న కథ అది. ఆస్కార్ వచ్చింది. కానీ 1979లో, 1981లో ఆయన ఆస్ట్రేలియా వెళ్లి కచేరీలు చేశాడన్న సంగతి సినిమాలో ఎక్కడా లేదు. అది చెబితే లోకం మరిచిపోయిన మనిషి కథ సగం చప్పబడిపోతుంది, అందుకే వదిలేశారు. 'గెట్ బ్యాక్' నిర్మాతల్లో పాల్, రింగో, యోకో ఉన్నారు. మెటాలికా బ్యాండు వాళ్లు కౌన్సిలర్ ముందు కూర్చుని కొట్లాడుకునే 'సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్' ఎంత పచ్చిగా ఉన్నా, దానికి డబ్బు పెట్టింది ఆ బ్యాండే. ఎవరి డబ్బుతో తీశారో చూసుకుని చూడాలి. అంతవరకు మెసేజ్‌తో నాకు పేచీ లేదు.

ఈ ఏడోది రాసిన మనిషే ఆ ఐదోది కూడా రాశాడంటే మాత్రం నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఎక్కడో రెండు మెసేజ్‌లు అతుక్కున్నట్టున్నాయి.