టీపీఆర్ చార్టులోని 20 గారికి

అయ్యా 20 గారూ,

మీ క్షేమం అడగనక్కర్లేదు. మా కర్నూలు మే నెల ఎండకు మనుషులు మాడిపోతున్నా, జ్వరం, నాడి, ఊపిరి రాసే ఈ చార్టులో, నిమిషానికి ఎన్ని ఊపిరులో రాసే గడిలో మీరు మాత్రం చెక్కుచెదరరు. పొద్దున 20, మధ్యాహ్నం 20, రాత్రి 20. మోకాలి కట్టుతో పడుకున్నాయనకూ 20, దమ్ముతో మంచం పట్టుకుని రొప్పుతున్న అవ్వకూ 20.

మన పరిచయం నర్సింగ్ రెండో ఏడాదిలో. నేను వాచీ చూస్తూ ఒక పేషెంట్ ఛాతీ ముందు నిలబడితే సీనియర్ అక్క నవ్వింది. "ఒక్కొక్కరి దగ్గర నిమిషం నిలబడితే వార్డు ఎప్పటికి ముగిస్తావు పాపా, 20 రాసి రా." కాస్త మనస్సాక్షి ఉన్నవాళ్లు పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేసేవాళ్లు, అందుకే మా చార్టుల్లో 16, 20, 24 తప్ప ఇంకో అంకె పుట్టలేదు.

మీ తెలివి మాత్రం మెచ్చుకోవాలి. పెద్దవాళ్లకు 12 నుంచి 20 దాకా నార్మల్. రోగి పరిస్థితి ఎంత విషమంగా ఉందో పాయింట్లలో చెప్పడానికి బ్రిటన్ ఆసుపత్రుల్లో వాడే న్యూస్ స్కోరులోనూ 20 దాకా సున్నా, 21 వస్తే రెండు పాయింట్లు, 25 వస్తే మూడు. గోడ మీద పిల్లిలా ఎంచక్కా కూర్చున్నారు!

ఒకరోజు పత్తికొండ వైపు నుంచి దగ్గు, జ్వరంతో వచ్చిన పెద్దాయన చార్టులో మిమ్మల్ని నేనే కూర్చోబెట్టాను. ఆయన భార్య వచ్చి, "సిస్టరమ్మా, పొద్దున్నుంచి రెండు మాటలు కూడా గుక్క తిప్పుకోకుండా అనలేకపోతా ఉండాడు, రా చూడు" అంది. చార్టు బాగానే ఉందమ్మా అన్నాను. ఆమెకు చదువు రాదు పాపం, మొగుడి మొహమే చూస్తుంది. ఆమె పోరు పడలేక వెళ్లి, నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని (ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి తనకు తెలియకుండానే దాన్ని మార్చేస్తాడు) నిండు నిమిషం లెక్కపెడితే 34. ఆక్సిజన్, ఐసీయూ, పరుగులు. ఆయన బతికాడు. అందులో మీ ఘనతా లేదు, నాదీ లేదు.

తమాషా ఏంటంటే, ఆ వారమే పరీక్షలో క్లినికల్ జడ్జిమెంట్ మీద, అంటే రోగిని చూసి ఏం చేయాలో నర్సు ఎలా తేల్చుకోవాలన్న దాని మీద, ప్రశ్న వచ్చింది. నర్సింగ్ ప్రొఫెసర్ క్రిస్టీన్ టానర్ 2006లో చెప్పిన నాలుగు మెట్లు, గమనించడం, అర్థం చేసుకోవడం, స్పందించడం, తర్వాత వెనక్కి తిరిగి ఆలోచించుకోవడం, బాక్సులు గీసి, స్కెచ్ పెన్నుతో గీతలు కొట్టి మరీ రాశాను. మార్కులు బాగా పడ్డాయి. మొదటి మెట్టు ఎక్కిన పత్తికొండ అమ్మకు ఎవరూ మార్కులు వేయలేదు.

ఇప్పుడు నేనే పాఠాలు చెబుతున్నాను, మిమ్మల్ని వార్డు నుంచి తరిమేయాలని నా పంతం. నిన్న ఒక పిల్ల చార్టులో 19 కనిపించింది. హెచ్చవేస్తే రాని అంకె! ఒళ్లు పులకరించి, "నిమిషమంతా లెక్కపెట్టావా తల్లీ?" అన్నాను.

"లేదు మేడమ్, అందరూ 20 రాస్తే మీరు తిడుతున్నారని."

ఇట్లు,
మీ పాత సేవకురాలు