‘గ్యాస్’ అని ఒకే పేరు పెడితే ఎలా?

రాత్రి పదకొండు దాటాక కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఏ మెడికల్ షాపు ముందు నిలబడినా ఈ మాట వినిపిస్తుంది: “అన్నా, గ్యాస్ గోలీ ఒక షీట్ ఇయ్యి.” షీటు చేతికొస్తుంది. నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఎన్నాళ్ల నుంచి అని అడిగేవాళ్లుండరు. రోగ నిర్ధారణ మొదలవ్వాల్సిందే ఆ ప్రశ్నల దగ్గర.

బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు కింద నొప్పి లేదా మంట, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, మామూలుగా తిన్నా గంటల తరబడి బరువు... ఇది అజీర్తి. ఛాతీలో మంటతో పుల్లనీళ్లు గొంతులోకి వస్తే అది రిఫ్లక్స్. కుడి డొక్క కింద అరగంటకు పైగా పట్టేసి వీపుకు పాకే నొప్పి పిత్తాశయంలో రాళ్లది కావచ్చు. దానికి ముందు చేయించాల్సింది అల్ట్రాసౌండ్. మెట్లెక్కితే వచ్చి, ఆగితే తగ్గే ‘గ్యాస్ నొప్పి’ గుండెది కావచ్చు. చెమటలు, ఆయాసం, దవడ లాగడం తోడైతే ఈనో కలుపుకుంటూ కూర్చోకండి, వెంటనే ఈసీజీ తీయించాలి. షుగర్ ఉన్నవాళ్లకు ఛాతీ నొప్పి స్పష్టంగా తెలియకపోవచ్చు కాబట్టి మరింత జాగ్రత్త.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ పట్టుకెళ్లాలి. మోకాళ్ల కోసం వేసుకునే డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, గుండెకు వాడే ఆస్పిరిన్ కడుపులో పుండ్లు చేయగలవు. అలాగని ఆస్పిరిన్ సొంతంగా మానేయకూడదు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, ఐరన్ మాత్రలు కూడా కడుపును ఇబ్బంది పెడతాయి. బరువు తగ్గడం, మింగలేకపోవడం, రక్తహీనత, ఆగని వాంతులు, తారులా నల్లటి విరేచనం ఉంటే ఎండోస్కోపీ (నోటి గుండా సన్నటి కెమెరా గొట్టం పంపి కడుపు లోపల చూడటం) వాయిదా వేయకూడదు. వయసు పైబడ్డాక కొత్తగా మొదలైన అజీర్తి విషయంలోనూ అంతే.

ఇవేవీ లేకపోతే హెలికోబ్యాక్టర్ పైలోరీ పరీక్ష చేయించాలి. కడుపు పుండ్లకు ఈ బ్యాక్టీరియా కారణమని తేల్చినందుకే బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. శ్వాస పరీక్షలో ఒకసారి సంచిలోకి ఊది, యూరియా ద్రావణం తాగి, దాదాపు అరగంట తర్వాత మళ్లీ ఊదాలి. లేదంటే మల పరీక్ష. రక్తంలో యాంటీబాడీలు చూస్తే పాత ఇన్ఫెక్షనో ఇప్పటిదో తేలదు. గ్యాస్ గోలీ చేసే అసలు నష్టం ఇక్కడే. ఆ గోలీలో ఉండే, యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ జాతి మందు కనీసం 2 వారాలు, యాంటీబయాటిక్స్ 4 వారాలు ఆపకుండా పరీక్షకు వెళ్తే క్రిమి ఉన్నా లేదనే రిపోర్టు రావచ్చు. క్రిమి ఉంటే సాధారణంగా 14 రోజుల కోర్సు ఇస్తారు. అయిపోయిన 4 వారాలకు మళ్లీ పరీక్ష చేయించాలి. మనవాళ్లు చాలామంది ఈ రెండో పరీక్షే వదిలేస్తారు.

మాత్ర వేసుకునే వేళ కూడా చాలా ఇళ్లలో తప్పుతోంది. పాంటోప్రజోల్ పనిచేసేది కడుపులో నడుస్తున్న యాసిడ్ పంపుల మీదే. ఆ పంపుల్ని లేపేది భోజనం. అందుకే టిఫిన్‌కు అరగంట ముందు, పరగడుపున వేసుకోవాలి. రాత్రి బిర్యానీ తిన్నాక వేసుకుంటే ప్రయోజనం తగ్గుతుంది. అజీర్తికి సాధారణంగా 4 నుంచి 8 వారాల కోర్సు చాలు. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే యాసిడ్ ఎగదన్ని మంట పెరుగుతుంది. జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ షీటు కొంటారు. డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా తగ్గించి, మధ్యలో మంటకు యాంటాసిడ్ సిరప్ వాడితే ఆ దశ గడిచిపోతుంది. వాంతులు తగ్గించే డాంపెరిడాన్ కలిసిన గ్యాస్ క్యాప్సూల్‌ను మాత్రం నెలల పాటు సొంతంగా వాడొద్దు. గుండె లయ తప్పే ప్రమాదముంది.

కొవ్వు కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది. తినగానే బరువనిపించేవాళ్లకు నూనె తగ్గించి కొద్దికొద్దిగా నాలుగైదుసార్లు తినడమే మేలు. రిఫ్లక్స్ ఉన్నవాళ్లు తిన్నాక మూడు గంటలైనా పడుకోకూడదు. మాదాపూర్ నైట్ షిఫ్టుల వాళ్లకు ఇది కష్టమే, కానీ పెద్ద భోజనం షిఫ్టు మధ్యలో ముగించి ఇంటికొచ్చాక తేలిగ్గా తినొచ్చు.

ఎండోస్కోపీ మామూలుగా ఉన్నా బాధ తగ్గని వాళ్లే ఎక్కువ. అది ఫంక్షనల్ డిస్పెప్సియా, అంటే పరీక్షల్లో కారణం కనబడని అజీర్తి. నొప్పి కల్పన కాదు, కడుపు నరాలు అతిగా స్పందించడం అందులో ఒక కారణం. అలాంటప్పుడు రాత్రిపూట తక్కువ మోతాదులో, తరచూ 10 మిల్లీగ్రాములతో, అమిట్రిప్టిలిన్ మొదలుపెడతారు. ఇంటికొచ్చి గూగుల్ చేసి ‘డిప్రెషన్ మందు’ అని చదివి, రెండో రోజే మానేసేవాళ్లుంటారు. ఇక్కడ అది రాస్తున్నది నరాల సున్నితత్వానికి. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుందని డాక్టర్ ఆ చీటీ రాసేటప్పుడే చెప్పాలి.