సవరణ: దూరపు వేటకు పిస్టల్, తూటా ఎంపిక

పెద్ద జంతువుల దూరపు వేటకు ఏ పిస్టల్, ఏ తూటా నప్పుతాయో మొన్న రాశాను. అందులో రెండు తప్పులు దొర్లాయి. మొదటిది ప్రమాదకరమైనది కూడా: థాంప్సన్ సెంటర్ కంపెనీ కంటెండర్ పిస్టల్‌కి .308 విన్‌చెస్టర్ తూటా పేల్చే బ్యారెల్ బిగించుకోవచ్చన్నాను. వద్దు! 1967లో వచ్చిన కంటెండర్ ఫ్రేమ్ ఆ తూటా పేలినప్పుడు పుట్టే ప్రెషర్‌కి చేసినది కాదు. .308 కావాలంటే అదే కంపెనీ ఎన్‌కోర్ పిస్టల్ తీసుకోవాలి. చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, అక్కడే పొరబడ్డాను.

రెండోది, 7 ఎం.ఎం.-08 రెమింగ్టన్ తూటాకి నేనిచ్చిన వేగం 24 అంగుళాల రైఫిల్ బ్యారెల్‌ది. తూటాల పెట్టె మీది అంకె చూసి అలాగే దించేశాను. 140 గ్రెయిన్ల (సుమారు 9 గ్రాముల) బుల్లెట్ ఆ రైఫిల్ బ్యారెల్‌లో సెకనుకు 2,800 అడుగులు పోతే, 15 అంగుళాల పిస్టల్ బ్యారెల్‌లో 2,500 దగ్గర ఆగుతుంది. శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఐదో వంతు పోయినట్టే. అంటే నేను చెప్పిన దూరాలన్నీ తగ్గించుకోవాలి.

.44 మాగ్నమ్ తూటా దూరపు వేటకు నప్పదని రాసింది మాత్రం మార్చను. 100 గజాలకు జీరో చేస్తే, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా సరిచేస్తే, 200 దగ్గర రెండడుగులు కిందికి జారే తూటా అది.