వేపనూనెకు మంచీ చెడూ తెలుస్తాయా?

ఎండలు మొదలైతే చాలు, విశాఖ మిద్దెతోటల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. ‘వేపనూనె, కషాయాలు సహజమైనవి. చెడ్డ పురుగునే చంపుతాయి, మిత్రపురుగుల జోలికి పోవు. పురుగు ఉన్నా లేకపోయినా వారం వారం కొట్టండి, మోతాదు ఎక్కువైనా పర్లేదు.’ సీతమ్మధార నుంచి గాజువాక దాకా దీన్ని నమ్మి స్ప్రేయర్ పట్టేవాళ్లు చాలామందే. ఇందులో నిజం పావలా వంతు.

ముందు ‘సహజం’ సంగతి. పొగాకూ మొక్కే, కానీ అందులోని నికోటిన్ పురుగుకీ విషమే, మనిషికీ విషమే. అగ్నిఅస్త్రం అనే కషాయంలో వేసేది ఆ పొగాకే. చామంతి జాతి పువ్వుల నుంచి తీసే పైరెత్రమ్ కూడా సహజమే. తేనెటీగనీ చేపనీ, చెడ్డ నల్లుల్ని తినే మిత్రనల్లినీ అది వదలదు.

‘చెడ్డ పురుగునే’ అన్న మాటలో కాస్త నిజముంది. వేపలోని అజాడిరాక్టిన్ ఎక్కువగా ఆకు తినే పురుగు కడుపులోకి వెళ్లి పనిచేస్తుంది. తిండి మాన్పిస్తుంది, కుబుసం విడవనివ్వదు. ఆకు నమలని మిత్రులకు ఆ దారిలో ముప్పు తక్కువ. ఫ్యాక్టరీలో చేసే సింథటిక్ పైరెత్రాయిడ్ పురుగుమందులతో పోలిస్తే వేప మెత్తనిదే, కాదనను. నూనె మాత్రం అలా కాదు. ఒంటికి పట్టి ఊపిరాడనివ్వదు, ఎవరి మీద పడితే వాళ్లకే.

బెండాకు తిరగేసి లెన్స్‌తో చూడండి. సన్నని బూజులాంటి గూటిలో మెల్లగా కదిలేది ఎర్రనల్లి, ఆకు రసం పీల్చే చెడ్డ నల్లి. పేరుకే ఎరుపు, చాలాసార్లు లేతపచ్చగా, ఒంటిమీద రెండు నల్లమచ్చలతో ఉంటుంది. వాటి మధ్య నున్నగా మెరుస్తూ పరుగులు పెట్టేది మిత్రనల్లి. గుండ్రటి గుడ్లు ఎర్రనల్లివి, కోలగా ఉన్నవి మిత్రనల్లివి. రెండూ కాపురముండేది ఒకే ఆకు అడుగున. మన స్ప్రే పడేదీ అక్కడే.

‘కొట్టాక కూడా మిత్రనల్లులు తిరుగుతున్నాయి కదా’ అంటారు కొందరు. తిరగొచ్చు, కానీ గుడ్లు తక్కువ పెట్టొచ్చు, పెట్టినవి పొదగకపోవచ్చు. ఫైటోసియులస్ పెర్సిమిలిస్ లాంటి మిత్రనల్లుల మీద జరిగిన పరీక్షల్లో ఫలితం మందును బట్టి, మోతాదును బట్టి మారింది. ఈలోగా మిగిలిన ఎర్రనల్లి ఊరుకోదు. మన వేసవి వేడికి అది గుడ్డు నుంచి పెద్దదవడానికి వారం, పది రోజులు చాలు.

మోతాదు మాటైతే మరీ అన్యాయం. షాపులో 300 పీపీఎం (పది లక్షల పాళ్లలో 300 పాళ్ల అజాడిరాక్టిన్) సీసా ఉంటుంది, 10,000 పీపీఎం సీసా కూడా ఉంటుంది. ఒకటి 0.03 శాతం, రెండోది 1 శాతం. అదే మూతతో కొలిస్తే తేడా 33 రెట్లు. పైగా ఎండలో నూనె ఎక్కువైతే ఆకులు మాడతాయి.

ఇక ‘పురుగు లేకపోయినా’ అన్నది. లేనప్పుడు స్ప్రే దేనికి? ఎర్రనల్లి కనిపించిన మొక్కకు మాత్రమే, సీసా మీద రాసిన కొలతతో, సాయంత్రం పూట కొట్టండి. మిత్రనల్లులు పరిగెడుతున్న ఆకులు దొరికితే అసలు కొట్టొద్దు. వాటిలో రెండు మూడు కోసి ఎర్రనల్లి ముదిరిన కుండీలో మొక్క మీద వేయండి, అవే పాకి వెళ్తాయి.